పళ్ళు విరిగిన దువ్వెన

యశవంతపురం మార్కెట్ యార్డు వెనక
కన్నడ బడిలో ఆదివారం క్యాంపు.
నా పని చిన్నది.
గోడకి చార్టు తగిలించి, ఇరవై అడుగుల దూరాన
సుద్దముక్కతో గీత గీసి
ఒక్కొక్కరినీ దాని మీద నిలబెట్టడం.
చదువు రానివాళ్ళ చార్టు అది.
అంతా ఒకటే అక్షరం, నాలుగు దిక్కులకీ తిరిగి ఉంటుంది.
"కాళ్ళు ఎటున్నాయో వేళ్ళతో చూపించండి" అనాలి
తెలుగులో ఓసారి, కన్నడలో ఓసారి
లారీ హారన్ల మీదుగా మళ్ళీ ఓసారి.
గాలికి చార్టు అడుగు గోడకేసి కొట్టుకుంటూనే ఉంది.

గేటు దగ్గర దాతగారి ఫ్లెక్సీ.
బస్సంత మొహం, జోడించిన చేతులు.
లైనులో ఉన్న నూట నలభై మందిలో
అది మొహమని తెలిసినవాళ్ళు ఎందరో
నేను లెక్కపెట్టలేదు.

సుంకులమ్మది డెబ్భై మూడో నంబరు.
మడకశిర వదిలి ఇరవై ఏళ్ళు,
మండీలో బియ్యం చెరిగి రాళ్ళేరే పని.
గీత మీద నిలబడి, చార్టుకేసి కాక
నా గొంతుకేసి చూసింది.
"ఏం కనబడుతోందమ్మా?"
"గోడ."
"గోడ మీద?"
చాలాసేపు ఆగి,
"పండ్లిరిగిన దువ్వెన మాదిరి ఏందో ఉండాది నాయనా,
ఎవురో పారేసుకున్నట్టుండారు, ఇచ్చేయి."
లైనంతా నవ్వింది. ఆమె నవ్వలేదు.
అది పై వరస. అరచేయంత అక్షరం.
ఎడం కంటికి ఆ దువ్వెన కూడా లేదు.

"మరి రాళ్ళెలా ఏరుతున్నావు?"
"ఏళ్ళతో. రాయి సల్లగుంటాది, గింజ అట్లుండదు.
పొద్దున్నే బాగా తెలుస్తాది.
మద్దేనం రేకుల కింద
రాయీ గింజా ఒకటే ఎచ్చన."
ఆ వేళ తప్పిపోయిన రాళ్ళకి
మేస్త్రీ కూలి కోస్తాడట,
రాయికి రూపాయి.

డాక్టరు టార్చి వేసి చూశాడు.
కుడికి ముదిరిన శుక్లం. తీసి అద్దం పెట్టొచ్చు.
ఎడమకి నీటికాసులు.
ఆ మాట మెల్లగా అన్నాడు,
అది తీసుకున్నది తిరిగివ్వదు గనక.
"ముందే వచ్చుంటే..." అని మొదలుపెట్టాడు.
ఈ ఉద్యోగంలో నేను రోజూ వినే వాక్యం,
దానికి చివర ఉండగా ఎప్పుడూ వినలేదు.
"ముందా?" అందామె,
"ముందు కనబడతా ఉండె కదా సామీ!"

కుడి కనుబొమ్మ మీద ప్లాస్టరు ముక్క అంటించి
"కు" అని రాశాను.
రెండుసార్లు సరిచూసుకున్నాను.
ఉన్నది ఒక్కటే.

మంగళవారం పొద్దున కట్టు విప్పారు.
గొప్ప మాటేదో అంటుందని కాచుకున్నాను,
వార్షిక నివేదికలో వేసుకోడానికి పనికొచ్చేది.
ఆమె చేతులు తిప్పి తిప్పి చూసుకుంది.
గోళ్ళ కింద తవుడు.
"ఇంత ముసిలైపోయినాయా ఇవి!"
తర్వాత కిటికీలోంచి ఆసుపత్రి గేటుకేసి చూసి,
"ఎవురా మీసాలాయన? ఎలచ్చన్లు వచ్చినాయా?"

నెల తిరిగాక మళ్ళీ వచ్చింది.
గీత మీద నిలబడి, ఎడం కన్ను తనే మూసుకుంది,
మూయకపోయినా ఒకటేనని తెలిసీ.
పైకి, పక్కకి, కిందికి, మళ్ళీ పక్కకి,
రాళ్ళని నెట్టే వేలితోనే
ఏడో వరస దాకా నెట్టుకుంటూ పోయింది.

కొంగుముడి విప్పి పొట్లం ఇచ్చింది.
డబ్బులనుకుని వద్దన్నాను.
"దుడ్లు కాదులే, చూడు."
రాళ్ళు.
తెల్లవి, బూడిదరంగువి,
అచ్చం గింజల్లాగే ఉన్నవి.
"ఒక్క దినానివి. అన్నీ మద్దేనం ఏరినవే.
ఇన్నేండ్లూ ఇట్లాంటియి
ఎవురి పండ్ల కిందికి పోయినాయో."
అది క్షమాపణలా వినబడింది.
పోయినేడు అన్నంలో విరిగిన దవడపన్ను జాగాని
నాలుకతో తడుముకున్నాను.
ఏమీ అనలేదు.

పొట్లాన్ని దారంతో చార్టు అడుగున కట్టాను.
ఇప్పుడది గాలికి కొట్టుకోవడం లేదు.

ఈ ఆదివారం పీణ్యాలో.
గీత మీదికి రండి, పెద్దాయనా.
ఒక కన్ను మూసుకోండి.
కాళ్ళు ఎటున్నాయి?